కృష్ణమ్మ వెంట చిన్న విమానాలకు ఒక దారి గీయండి: బహిరంగ లేఖ

విజయవాడ, గుంటూరు ప్రాంతపు గగనతలం బాధ్యత చూస్తున్న అధికారులకు, జిల్లాల యంత్రాంగానికి, తోటి పైలట్లకు, డ్రోన్లు ఎగరేసే తమ్ముళ్లకు

నమస్కారం.

నాది దుగ్గిరాల దగ్గర పల్లెటూరు. పసుపు, మిరప వ్యాపారం మా ఇంటి పని. నలభై దాటాక పట్టుబట్టి, పొరుగు రాష్ట్రంలో నేర్చుకుని ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తెచ్చుకున్నాను. నేను నడిపేది నాలుగు సీట్ల, ఒకే ఇంజిన్ ఉన్న సెస్నా 172. మనుషులు, ట్యాంకు నిండా పెట్రోలు కలుపుకున్నా దాని బరువు సుమారు 1,100 కిలోలు. రోడ్డు మీద మీరు రోజూ చూసే మామూలు కారంత.

మన ఆకాశంలో చిన్న విమానాలకు, హెలికాప్టర్లకు కృష్ణ వెంట ప్రకటించిన దారి కావాలని, డ్రోన్ల నిబంధనలు జనానికి చెప్పాలని ముందు పద్ధతి ప్రకారమే రాశాను. ఒకసారి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, ఒకసారి మెయిల్ పెట్టాను, మూడోసారి నేనే వెళ్లి ఇన్‌వర్డ్‌లో ముద్ర వేయించుకుని ఇచ్చాను. "సంబంధిత విభాగానికి పంపించాం" అన్న ఒక్క లైను తప్ప ఏ జవాబూ రాలేదు. ఆ సంబంధిత విభాగం ఏదని అడిగితే చెప్పినవాళ్లు లేరు. అది ఏ కార్యాలయమో ఇక్కడ రాయను. ఒక గుమస్తానో ఒక ఆఫీసర్నో రచ్చకెక్కించడం నా ఉద్దేశం కాదు. పని జరగాలి, అంతే. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

ఏం జరిగిందో ముందు చెబుతాను.

పోయిన శీతాకాలం, పెళ్లిళ్ల రోజులు. సాయంత్రం ఐదు దాటింది. గన్నవరం విమానాశ్రయానికి వస్తున్నాను. పక్క సీట్లో నాకంటే ఎక్కువ అనుభవం ఉన్న మిత్రుడు. తూర్పు నుంచి వచ్చి దిగమని టవర్ చెప్పింది. మాకంటే ముందు ఏటీఆర్ అనే ప్రయాణికుల విమానం ఒకటి దిగింది. పెద్ద విమానం రెక్కల చివర్ల నుంచి గాలి సుడులు లేస్తాయి. అవి కంటికి కనపడవు కానీ మా లాంటి చిన్న విమానాన్ని బోర్లా తిప్పెయ్యగలవు. అందుకే అలాంటి విమానం వెనక దిగే చిన్న విమానానికి మూడు నిమిషాల ఎడం ఇస్తారు. ఆ ఎడం సరిగ్గానే ఇచ్చారు. అంతా పద్ధతిగా సాగుతోంది.

రన్‌వే అంచుకు రెండున్నర కిలోమీటర్ల దూరంలో ఉన్నాం. ఎత్తు 500 అడుగుల లోపు. ఎదురుగా పొద్దు వాలుతోంది. మంచు, పొగ కలిసి గాజు మీద రాగిరంగు తెర కట్టినట్టుంది. వేగం తగ్గించి దిగడానికి రెక్కల వెనక ఉండే ఫ్లాప్స్ దించాను. కుడిచెయ్యి థ్రాటిల్ మీద ఉంది. వేగం 65 నాట్లు, అంటే గంటకు 120 కిలోమీటర్లు. ఉన్నట్టుండి మా మిత్రుడు "ఎడమ, ఎడమ!" అని అరిచాడు. ఎడమ రెక్క చివరికి పది పదిహేను మీటర్ల అవతల, సరిగ్గా మా ఎత్తులోనే, తెల్లటి డ్రోన్ ఒకటి కదలకుండా నిలబడి ఉంది. దాని కింద వేలాడుతున్న కెమెరా కూడా కనిపించింది. కనిపించడం, దాటిపోవడం ఒకే క్షణంలో అయిపోయాయి. నేను తప్పించానని చెప్పుకోవడానికి ఏమీ లేదు. అది అక్కడ ఉంది, మేం ఇక్కడ ఉన్నాం కాబట్టి బతికాం. అది పది మీటర్లు ఇటు జరిగి ఉంటే, కింద హైవే మీద ఇంటికి పోతున్న బైకులు, ఆటోల పరిస్థితి ఏమిటని ఆ రాత్రంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

టవర్‌లో ఉన్న కంట్రోలర్ అమ్మాయి ఆ నిమిషంలో చేయాల్సింది చేసింది. నేను చెప్పగానే ఎక్కడ, ఎంత ఎత్తులో అని రెండే ప్రశ్నలు అడిగి, వెనక వస్తున్న విమానాన్ని హెచ్చరించింది. ఆమెకు ఈ ఉత్తరం ద్వారా కృతజ్ఞతలు.

దిగాక ఆటో మాట్లాడుకుని, ఆ డ్రోన్ ఎగిరిన ఫంక్షన్ హాల్ వెతుక్కుంటూ వెళ్లాం. ఎదుర్కోలు జరుగుతోంది. ఇరవై ఏళ్లు కూడా ఉండవేమో ఆ డ్రోన్ కుర్రాడికి. మెడలో రిమోట్ వేలాడుతోంది. విషయం చెబితే ముఖం పాలిపోయింది. "ఇక్కడ ఎగరేయకూడదని ఎవరూ చెప్పలేదు సార్. విమానం మా పైనుంచి పోతుందనుకున్నా" అన్నాడు. చేతులు వణుకుతున్నాయి. అబద్ధం చెప్పడం లేదని తెలుస్తూనే ఉంది. హాలు మేనేజర్‌ని అడిగాను. ఆయనకీ తెలియదు. డ్రోన్ బుక్ చేసిన పెళ్లికూతురి మేనమామకీ తెలియదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 5 కిలోమీటర్ల లోపల డ్రోన్ ఎగరేయాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉండాలని 2021 నాటి డ్రోన్ నిబంధనల కింద వేసిన మ్యాప్ చెబుతోంది. దాన్ని రెడ్ జోన్ అంటారు. ఆ మాట ఆ హాల్లో ఉన్నవాళ్లలో ఒక్కరూ విని ఉండలేదు. నాకు కుర్రాడి మీద కోపం పోయింది, కానీ భయం ఇంకా పెరిగింది. తెలిసి తప్పు చేసేవాణ్ని పట్టుకోవచ్చు. తెలియక చేసేవాళ్లు ఎంతమంది ఉన్నారో ఎలా లెక్కపెడతాం?

ఇది ఒక్క డ్రోన్ గొడవ అనుకోకండి. మన ఆకాశం మారిపోయింది, మన ఏర్పాట్లు మారలేదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్‌గా మొదలైన గన్నవరానికి 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది. రన్‌వేను 3,360 మీటర్లకు పొడిగించారు. 2024 అక్టోబర్‌లో పున్నమి ఘాట్ మీద 5 వేలకు పైగా డ్రోన్లతో ప్రదర్శన జరిగింది. మూడు వారాలు తిరక్కుండానే, నవంబర్ 9న అదే ఘాట్ నుంచి శ్రీశైలానికి సీ ప్లేన్ ఎగిరింది. ఆ సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ మీద హెలికాప్టర్లు ఆహారం పొట్లాలు జారవిడిచాయి, డ్రోన్లు కూడా తిండి, నీళ్లు మోశాయి. ఎన్నికలొస్తే నాయకుల హెలికాప్టర్లు సరేసరి. రాజధాని పనులు సాగేకొద్దీ ఇవన్నీ పెరిగేవే కానీ తగ్గేవి కావు. పెరగడం మంచిదే. నేను వద్దనడం లేదు.

కానీ ఇన్నీ తిరిగే ఆకాశంలో చిన్న విమానం నడిపేవాడు ఏం చేస్తాడంటే, చూసుకుంటూ నడుపుతాడు. వీఎఫ్ఆర్ అంటే అదే, కంటి చూపు మీద ఆధారపడి ఎగరడం. 10 వేల అడుగుల లోపల 5 కిలోమీటర్ల దూరం కనపడాలి, మబ్బుకు పక్కగా 1,500 మీటర్లు, పైకీ కిందికీ 300 మీటర్లు ఎడంగా ఉండాలి, చీకటి పడేలోగా దిగాలి. నిబంధనలు బాగానే ఉన్నాయి. ఇబ్బంది కంటిది. నేను 100 నాట్ల వేగంతో పోతున్నాను. ఎదురుగా ఒక ఎయిర్‌బస్ 140 నాట్లతో వస్తోంది. ఇద్దరి మధ్య దూరం సెకనుకు 120 మీటర్లకు పైగా తరిగిపోతుంది. ఎదుటి విమానాన్ని చూసి, అది మన మీదికే వస్తోందని గుర్తుపట్టి, చెయ్యి కదిపి, విమానం దారి మళ్లడానికి పన్నెండున్నర సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎప్పటి నుంచో పైలట్లకు నేర్పుతోంది. ఆ లెక్కన కిలోమీటరున్నర దూరంలోనే నేను కనపడాలి. నా విమానం రెక్క ఈ చివర నుంచి ఆ చివరకు 11 మీటర్లు. కిలోమీటరున్నర దూరం నుంచి అది చేయి చాచి పట్టుకున్న పెసరగింజంత. డిసెంబర్ మంచులో, ఎదురెండలో ఆ పెసరగింజను వెతకమని రెండు వందల మంది ప్రయాణికుల విమానం నడిపే పైలట్‌ను అడుగుతున్నాం.

1978 సెప్టెంబర్ 25న అమెరికాలోని శాన్ డియెగోలో ఇలాగే జరిగింది. ముందు చిన్న సెస్నా ఉందని కంట్రోలర్ చెప్పాడు. కనిపించిందని బోయింగ్ పైలట్లు అన్నారు. తర్వాత అది వాళ్ల చూపులోంచి జారిపోయింది. 144 మంది చనిపోయారు. వాళ్లలో ఏడుగురు కింద ఇళ్ల దగ్గర ఉన్నవాళ్లు. విమానం ఎక్కనివాళ్లు, విమానంతో ఏ సంబంధమూ లేనివాళ్లు. మా వైపు చూసుకుంటే ఆ కింద ఉన్నవాళ్లు నిడమానూరు, ఎనికేపాడు, కేసరపల్లి జనం.

అందుకే ఈ విన్నపాలు. కొన్ని పెద్దవి, కొన్ని ఒక మధ్యాహ్నంలో అయిపోయేవి.

1. చిన్న విమానాలకు, హెలికాప్టర్లకు ప్రకటించిన దారి కావాలి. నేను అన్నిటికంటే గట్టిగా అడిగేది ఇదే.

న్యూయార్క్ నగరం పక్కనే హడ్సన్ నది ఉంది. మూడు పెద్ద విమానాశ్రయాల మధ్య, ఆ నది మీదుగా చిన్న విమానాలు రోజూ తిరుగుతాయి. 2009 ఆగస్టు 8న అక్కడ పైపర్ అనే చిన్న విమానం, టూరిస్టుల హెలికాప్టర్ ఢీకొని 9 మంది పోయారు. అప్పుడు అక్కడివాళ్లు నది మీద ఎగరడాన్ని ఆపలేదు. అప్పటిదాకా సలహాగా ఉన్న పద్ధతులను అదే ఏడాది నవంబర్‌లో తప్పనిసరి చేశారు. ఎవరు ఎటు పోతున్నా తమ కుడిచేతి వైపు ఒడ్డు వెంటే పోవాలి. వేగం 140 నాట్లు దాటకూడదు. ఆగకుండా దాటిపోయేవాళ్లు 1,000 నుంచి 1,300 అడుగుల మధ్య, అక్కడక్కడే తిరిగేవాళ్లు అంతకు కింద ఉండాలి. ఫలానా వంతెన, ఫలానా విగ్రహం దగ్గరకు రాగానే అందరూ వినే ఒకే ఫ్రీక్వెన్సీలో తమ పేరు, ఎత్తు, పోయే దిక్కు చెప్పాలి. లైట్లు వెలిగించి ఉంచాలి. ఇందులో కోట్లు ఖర్చయ్యే యంత్రం ఒక్కటీ లేదు.

మనకు కృష్ణ ఉంది. పై నుంచి చూస్తే ఇంతకంటే స్పష్టమైన గీత ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదు. అమరావతి అమరేశ్వరుడి గుడి, వైకుంఠపురం, ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం, ప్రకాశం బ్యారేజీ, కనకదుర్గ వారధి, దిగువన పులిగడ్డ. కొత్తగా వచ్చిన పైలట్ కూడా పొరపడని గుర్తులివి. ఎగువకు పోయేవాళ్లు విజయవాడ ఒడ్డున, దిగువకు వచ్చేవాళ్లు గుంటూరు ఒడ్డున. ఒక మామూలు ఎత్తు, ఒక ఫ్రీక్వెన్సీ. ఉత్తరాన కొండపల్లి ఖిల్లా, దక్షిణాన మంగళగిరి కొండ, తూర్పున హనుమాన్ జంక్షన్ రిపోర్టింగ్ పాయింట్లుగా, అంటే వచ్చామని రేడియోలో చెప్పాల్సిన చోట్లుగా పెట్టుకోవచ్చు. థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు, నది దాటే హైటెన్షన్ తీగలు, సచివాలయం లాంటి భద్రత ఉన్న చోట్లు తప్పించి గీత ఎక్కడ పడాలో నిర్ణయించాల్సింది మీరు. ఆ నిర్ణయం రాతలో, మ్యాప్‌లో ఉండాలి.

ఇంకో లాభం కూడా ఉంది. జనం ఉన్న చోట, చుట్టూ 600 మీటర్ల దూరంలోని ఎత్తైన కట్టడం కంటే 300 మీటర్లు పైన ఎగరాలని నిబంధన. ఆ వెయ్యి అడుగుల ఎత్తులో ఇంజిన్ ఆగితే నా విమానం రెండున్నర కిలోమీటర్లకు అటూ ఇటూగా జారుతూ పోగలదు. అంతలోపల దిగడానికి చోటు దొరకాలి. బందరు రోడ్డు మీద దొరకదు. ఊరి చుట్టూ ఉన్న పొలాలు వెంచర్లయ్యాయి, సిమెంటు స్తంభాలు పాతారు. నదిలో ఇసుక తిన్నెలు ఉన్నాయి. నేను నది వెంట పోతే నా తప్పుకు, నా ఇంజిన్ తప్పుకు అజిత్‌సింగ్‌నగర్‌లో వంట చేసుకుంటున్న ఇల్లాలు బలికాదు.

2. ఇక్కడ ఎగిరే ప్రతి హెలికాప్టర్‌కీ, శిక్షణ విమానానికీ, రేపు వచ్చే సీ ప్లేన్‌కీ ఎత్తు చెప్పే ట్రాన్స్‌పాండర్ (విమానం జాడను రేడియో సంకేతంగా పంపే పరికరం) పనిచేస్తూ ఉండాలి, ఆన్ చేసి ఉండాలి. పెద్ద విమానాల్లో టీకాస్ అనే పరికరం ఉంటుంది. ఎదుటి విమానం దగ్గర పడితే పైకి పో, కిందికి పో అని అదే చెబుతుంది. మన దేశంలో అది తప్పనిసరి అయింది 1996 నవంబర్ 12న చర్ఖీ దాద్రీ ఆకాశంలో రెండు విమానాలు ఢీకొని 349 మంది చనిపోయాకే. అయితే ఎదుటి విమానం తన ఎత్తు చెప్పకపోతే ఆ పరికరం ఎటు పోవాలో చెప్పలేదు. 1986లో లాస్ ఏంజెలెస్ దగ్గర సెరిటోస్‌లో అనుమతి లేకుండా లోపలికి వచ్చిన పైపర్ విమానానికి ట్రాన్స్‌పాండర్ ఉంది, కానీ అది ఎత్తు చెప్పేది కాదు. 82 మంది పోయారు. మన దగ్గర తనిఖీ కాగితం మీద కాకుండా, ఎగిరే ముందు రేడియోలో జరగాలి. "మీ ఎత్తు నాకు ఎంత కనపడుతోంది, మీకు ఎంత" అన్న ఒక్క ప్రశ్న చాలు.

3. డ్రోన్ల గురించి తెలుగులో చెప్పండి. నిబంధనలన్నీ కేంద్ర ప్రభుత్వపు డిజిటల్ స్కై వెబ్‌సైట్‌లో మ్యాప్‌గా ఉన్నాయని నాకు తెలుసు. పెళ్లి ఫొటోగ్రాఫర్ ఆ వెబ్‌సైట్ చూడడు. విమానాశ్రయం ప్రహరీకి 5 కిలోమీటర్ల లోపల ఉన్న ప్రతి ఫంక్షన్ హాల్, కల్యాణ మండపం గేటు దగ్గర "ఇక్కడ డ్రోన్ ఎగరేయడం నేరం" అని పెద్ద అక్షరాల బోర్డు పెట్టించండి. హాలు బుకింగ్ రసీదు వెనక ఆ మాట అచ్చు వేయించండి. 5 నుంచి 8 కిలోమీటర్ల దాకా అనుమతి కావాలని, 8 నుంచి 12 దాకా అనుమతి లేకుండా 200 అడుగులు దాటకూడదని ఊళ్ల పేర్లతో సహా పంచాయతీల్లో చెప్పించండి. కిలోమీటర్లు చెబితే ఎవరికీ అర్థం కాదు, ఊరి పేరు చెబితే వెంటనే అర్థమవుతుంది. ఫొటోగ్రాఫర్ల సంఘాలను కూర్చోబెట్టి మాట్లాడండి, నేనూ వస్తాను. ఆ కుర్రాణ్ని కూడా తీసుకొస్తాను, ఇప్పుడు వాడే అందరికీ చెబుతున్నాడు. పొలాల్లో మందు కొట్టే డ్రోన్ల మీద మాత్రం నాకు ఫిర్యాదు లేదు. అవి పైరుకు మనిషెత్తు మీద పోతాయి. వాటిని అడ్డం పెట్టుకుని రైతును ఇబ్బంది పెట్టకండి.

4. ఈ రోజు ఆకాశంలో ఏం జరుగుతుందో ఒకే చోట తెలియాలి. మేం ఎగిరే ముందు ఎగరడానికి అనుమతిగా చెన్నై నుంచి ఎఫ్ఐసీ నంబరు, ఎయిర్ డిఫెన్స్ నుంచి ఏడీసీ నంబరు తీసుకుంటాం. పైలట్లకు ఇచ్చే హెచ్చరిక ప్రకటనలు, అంటే నోటమ్‌లు చదువుతాం. కానీ సాయంత్రం ఘాట్‌లో డ్రోన్ షో రిహార్సల్ ఉందనో, ఒక కాలేజీ మైదానంలో హెలికాప్టర్ దిగుతోందనో మాకు పేపర్‌లోనే తెలిసే పరిస్థితి ఉండకూడదు. అనుమతి ఇచ్చే జిల్లా యంత్రాంగం ఆ కాగితం ప్రతిని అదే గంటలో విమానాశ్రయానికి పంపే ఏర్పాటు చేయండి.

ఇది సరదాకి ఎగిరే నాలాంటివాళ్ల కోసం అడగడం లేదు. దానం చేసిన గుండెను తీసిన నాలుగు గంటల లోపల ఇంకో మనిషి ఛాతీలో అమర్చాలి. గ్రీన్ ఛానల్ కోసం రోడ్డు మీద ట్రాఫిక్ ఆపుతున్నాం. ఆ గుండెను మోసే హెలికాప్టర్ దారిలో ఎవరో ఎగరేసిన డ్రోన్ ఉందని పైలట్ వెనక్కి తిరిగితే, ఆ పదిహేను నిమిషాలు ఎవరి ఆయుష్షులోంచి పోతాయి? వరద వచ్చినప్పుడు కూడా అంతే. సహాయం చేసే హెలికాప్టర్లు ఏ ఎత్తులో, డ్రోన్లు ఏ ఎత్తులో, ఏ వీధుల మీద అన్నది నీళ్లొచ్చాక కాదు, వర్షాకాలానికి ముందే రాసిపెట్టుకోవాలి. మేడ మీద పాల ప్యాకెట్ కోసం చేతులు చాచిన జనం నెత్తిన రెండూ ఒకేసారి తిరగకూడదు.

5. చెత్త. విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల లోపల జంతువులను కోయకూడదని, చెత్త, కుళ్లు పదార్థాలు పడేయకూడదని 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లోని 91వ నిబంధన చెబుతోంది. హైవే పక్కన కోడి వ్యర్థాలు పోసిన చోట గద్దలు ఎలా గుమిగూడతాయో కారులో పోయేవాళ్లూ చూస్తూనే ఉంటారు. తూర్పున కొల్లేరు, ఆటపాక పెలికాన్లు ఉన్నాయి. ఒక్కొక్కటి ఐదు కిలోల దాకా తూగుతుంది. కొల్లేటి పక్షుల్ని ఎవరూ ఆపలేరు, ఆపకూడదు కూడా. వాటి రాకపోకల వేళలు, ఎత్తులు అటవీ శాఖకు తెలుసు, మాకు చెబితే మేం తప్పుకుంటాం. కోడి వ్యర్థాల గుట్టలు మాత్రం మనం పోసినవే. అవి తీయించండి.

6. ప్రమాదం తప్పిపోయిన సంఘటన ఎవరు రాసినా, పైలట్ కానీ రైతు కానీ, 30 రోజుల్లో జవాబు ఇవ్వండి. రాసినవాణ్ని శిక్షించకుండా ఉంటే ఇంకా పదిమంది రాస్తారు. నా మూడు ఉత్తరాలకు ఆ జవాబే వచ్చి ఉంటే ఈ ఉత్తరం అక్కర్లేదు.

7. ఇది తోటి పైలట్లకు, శిక్షణలో ఉన్న పిల్లలకు. అధికారులను అడిగే ముందు మన ఇల్లు మనం సర్దుకోవాలి. టవర్ ఇచ్చిన క్యూఎన్‌హెచ్, అంటే ఎత్తు చూపే మీటరులో పెట్టాల్సిన గాలి ఒత్తిడి అంకె, పెట్టారా లేదా రెండుసార్లు చూసుకోండి. ఒక్క హెక్టోపాస్కల్ తేడాకి ఎత్తు దాదాపు 30 అడుగులు తప్పు చూపిస్తుంది. మన తీరంలో తుపాను రోజుల్లో ఒత్తిడి గంటగంటకూ పడిపోతుంది. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి వారంలో పొద్దున పెట్టిన అంకెతో సాయంత్రం దాకా తిరిగితే మీరు ఉన్నాననుకున్న ఎత్తు ఒకటి, ఉన్నది ఇంకొకటి. రేడియోలో చెప్పింది పూర్తిగా తిరిగి చెప్పండి. అర్థం కాకపోతే టెన్షన్ పడి "రోజర్" (విన్నాను) అనకండి, "మళ్లీ చెప్పండి" అనడంలో నామోషీ ఏమీ లేదు. నేను వందసార్లు అన్నాను. ఊరు దగ్గర పడగానే పగలైనా లైట్లు వెయ్యండి. ట్రాన్స్‌పాండర్‌లో పెట్టాల్సిన కోడ్ రేడియో పోతే 7600, ప్రాణం మీదికొస్తే 7700, ఆపదలో పిలిచే ఫ్రీక్వెన్సీ 121.5. ఇవి చెక్‌లిస్ట్‌లో వెతికేవి కాదు, నోటికి రావాలి. పొగమంచులో గన్నవరం పైన పెద్ద విమానాలే చక్కర్లు కొడుతుంటాయి. ఆ పొద్దున మనం బయల్దేరకపోతే ఎవరి సొమ్మూ పోదు.

ఇంకో మాట. కైకలూరు వైపు పోయేటప్పుడు లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద ఉండాలి. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారి హెలికాప్టర్ పడింది అక్కడి చెరువులోనే. ఇప్పుడు అక్కడ పొలం కంటే చేపల చెరువే ఎక్కువ.

ఎవరైనా ఇదంతా చదివి, "ఇంత తలనొప్పి ఎందుకు, చిన్న విమానాలను ఈ వైపు రానివ్వకపోతే సరి" అనవచ్చు. ఒక ఆఫీసులో నాతో ఆ మాట అన్నారు కూడా. దయచేసి ఆ దారి పట్టకండి. ఎయిర్ అంబులెన్సులు, సర్వే విమానాలు చాలావరకు చిన్న విమానాలే. రేపు ఎయిర్‌బస్ నడపబోయే మన గుంటూరు, బెజవాడ పిల్లలు ముందు నేర్చుకునేది చిన్న విమానంలోనే. వాళ్లు నగరం దగ్గర, రద్దీలో, కంట్రోలర్ మాట వింటూ ఎగరడం ఇక్కడ నేర్చుకోకపోతే ఎక్కడో నేర్చుకుంటారు, లేదా నేర్చుకోకుండానే పెద్ద విమానం ఎక్కుతారు. 2022 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లా పెద్దవూర దగ్గర శిక్షణ విమానం కూలి ఒక ట్రైనీ పైలట్ చనిపోయింది. ఒక్కతే విమానంలో ఉంది. ఆ అమ్మాయి వార్త చదివిన రోజు నేను కూడా శిక్షణలోనే ఉన్నాను. మా అమ్మ ఆ రోజు నుంచి నేను ఎగిరిన ప్రతిసారీ దిగానని ఫోన్ చేసేదాకా అన్నం తినదు. ఇలాంటి అమ్మలు ఎంతోమంది ఉన్నారు.

వీటిలో గడువు పెట్టి అడుగుతున్నవి మూడు పనులు. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో ఫంక్షన్ హాళ్ల దగ్గర బోర్డులు. 45 రోజుల్లో విమానాశ్రయం, వైమానిక దళం, పోలీసు, రెవెన్యూ, అటవీ శాఖ, పైలట్లు, ఫొటోగ్రాఫర్లు ఒక బల్ల చుట్టూ కూర్చునే సమావేశం. సంక్రాంతికి ముందు, అంటే గాలిపటాలు, పెళ్లిళ్లు, పొగమంచు మూడూ కలిసి వచ్చే ముందు, కృష్ణ వెంట దారి, రిపోర్టింగ్ పాయింట్ల ముసాయిదా.

ఆ దారిని నాకు చేతనైనంతలో మ్యాప్ మీద పెన్సిల్‌తో గీశాను. ఎక్కడ తీగలున్నాయో, ఎక్కడ పొగగొట్టాలున్నాయో, ఎక్కడ ఇసుకలో దిగొచ్చో గుర్తులు పెట్టాను. తప్పులు ఉంటాయి, మీరు దిద్దండి. నాలుగు ప్రతులు తీసి కవర్లో పెట్టుకున్నాను. మంగళవారం మార్కెట్ పని ఉంటుంది, తక్కిన ఏ రోజు రమ్మన్నా వస్తాను.

ఇట్లు,
దుగ్గిరాల దగ్గర నుంచి ఒక ప్రైవేట్ పైలట్